ఏడిళ్ల నిప్పు

పొయ్యి ఆరిపోయింది.

ఎత్నా మోకాళ్ల మీద కూర్చుని బూడిద కెలికింది. అడుగుదాకా చల్లగానే ఉంది. వంగి ఊదింది. బూడిద లేచి కళ్లలో పడిందే కాని, ఎర్రటి చుక్క ఒక్కటీ కనబడలేదు.

రాత్రి నివురు కప్పడం మరిచిపోయింది. యాభై ఏళ్లలో ఎన్నడూ మరవని పని. తెల్లారితే నేస్తం షివాన్ అమెరికా వెళ్లిపోతుందన్న దిగులుతో కుర్చీలోనే ఏడ్చి ఏడ్చి, అలాగే నిద్రపోయింది.

తన ఒక్క ఇంటి నిప్పే అయితే ఇంత బెంగ ఉండేది కాదు. దీవి వదిలి అమెరికా వెళ్లే వాళ్లు తమ పొయ్యిలో నిప్పు తెచ్చి, ఉండిపోయేవాళ్ల పొయ్యిలో కలిపి వెళతారు. ఆ నిప్పు బతికున్నంత కాలం వాళ్లు తిరిగొచ్చే దారి ఉన్నట్టే. ఆరితే మూసుకుపోయినట్టే. ఈ వాడలో ఇప్పటికి అయిదిళ్ల నిప్పు ఎత్నా పొయ్యిలో కలిసింది. ఇవాళ ఆరోది రావాలి. తనదితో ఏడు.

ఇంట్లో అగ్గిపెట్టె లేదు. ఇక్కడ ఇల్లాలు అగ్గిపెట్టె కొంటే పొయ్యిని అవమానించినట్టే. కొనేది ఒక్క ఫెస్టీ, షివాన్ మొగుడు, తన పైపు కోసం. "నీ పెట్టెలోది నిప్పు కాదయ్యా, దెయ్యం తుమ్ము" అని షివాన్ ఆయన్ని నలుగురిలో ఎన్నిసార్లు ఎత్తిపొడిచిందో. ఆయన్ని అడగడమంటే ఆమెకు చెప్పినట్టే. రేవు వాడకు వెళ్లి నిప్పు అడిగితే అరగంటలో దీవంతా తెలుస్తుంది.

షివాన్‌కు తెలియకూడదు. ఇప్పటికే రెండుసార్లు సామాను కట్టి విప్పేసింది. ఒకసారి రేవు దారిలో కుందేలు అడ్డొచ్చిందని. ఒకసారి పెళ్లినాటి కప్పు చేజారి పగిలిందని. అక్కడ బోస్టన్‌లో కూతురికి నెలలు నిండుతున్నాయి. ఈసారీ తల్లి రాకపోతే పురిటికి పక్కన మనిషి లేదు. ఈ చల్లారిన పొయ్యి కంటబడిందా, షివాన్ చచ్చినా పడవెక్కదు.

ఒకటే ఉపాయం. వాళ్ల నిప్పు గుమ్మం దగ్గరే అందుకోవాలి. పడవ కదిలాక దానితోనే పొయ్యి రాజేసుకోవాలి. కాని షివాన్ గుమ్మం దగ్గర ఆగే రకమా? నలభై ఏళ్లుగా తలుపు తట్టకుండా తిన్నగా వచ్చి, పొయ్యి ముందు పాదాలు చాపుకుని కూర్చునే మనిషి.

కిటికీలోంచి చూసింది. పొద్దున్నుంచి కమ్ముకున్న మంచు పలచబడుతోంది. ఇంకాస్త విడితే ఇంటి పొగగొట్టం కనబడుతుంది. పొగ లేని పొగగొట్టం.

రాతిగోడ మలుపులో ఇద్దరూ కనబడ్డారు. షివాన్ చేతుల్లో మూత పెట్టిన ఇనపకుండ, దాని చుట్టూ మందపాటి ఉన్నిశాలువ. వెనకే ఫెస్టీ, నోట్లో పైపు పొగలు కక్కుతూ.

గేటు దగ్గర షివాన్ ఆగింది. తలెత్తి ఇంటికేసి చూసింది.

ఎత్నా ఊపిరి బిగబట్టింది.

షివాన్ మొగుడివైపు తిరిగి ఏదో గొణిగింది. ఆయన కోటు సర్దింది. కుండకు శాలువ మళ్లీ చుట్టుకుని, నడిచింది.

ఎత్నా గబగబా బయటికొచ్చి, తలుపు దగ్గరగా లాగి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏమే, తలుపేశావు?" అంది షివాన్.

"లోపలికొస్తే కూర్చుంటావు. కూర్చుంటే ఏడుస్తావు. ఏడ్చి పడవెక్కితే సముద్రానికి లోకువ."

ఆ మాట తన చెవికే అతకలేదు. ఇక తోసుకుని వచ్చేస్తుందనుకుంది. రాలేదు. షివాన్ మెట్టు కిందే ఆగిపోయింది.

"నేనూ రానులే. పడవవాడు కేకలేస్తాడు" అంటూ కుండ అందించింది. "శాలువతో సహా పట్టుకో, చేతులు కాల్తాయి. మేము కనుమరుగయ్యేదాకా మూత తియ్యకు. గాలి తగుల్తుంది."

"నిప్పు సంగతి నాకు చెబుతున్నావా?"

"నీకు కాక ఇంకెవరికి చెప్పనే?"

కావలించుకున్నారు. మధ్యలో కుండ అడ్డం. షివాన్ మొహం ఎత్నా భుజంలో దాచుకుని చాలాసేపు తియ్యలేదు. తీశాక కళ్లలోకి చూడలేదు.

ఫెస్టీ పైపు ఆరిపోయినట్టుంది. ఒక జేబు తడుముకున్నాడు, రెండో జేబు తడుముకున్నాడు. "బోస్టన్‌లో ఈవిడతో తగువాడే వాళ్లు దొరక్కపోతే నీకే కబురు పెడతాను వదినా" అన్నాడు, తడుముకుంటూనే.

"నడవయ్యా ముందు. సముద్రం మీద పైపేమిటి" అని షివాన్ ఆయన రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఎత్నా కుండ పట్టుకుని అక్కడే నిలబడింది. వెనక్కొస్తుందేమో. మళ్లీ ఏ కుందేలో అడ్డొస్తుందేమో. తెరచాప లేచింది. పడవ కొండకొమ్ము దాటింది. మంచు పూర్తిగా విడిపోయింది.

వెళ్లింది. ఏమీ చూడకుండానే వెళ్లింది.

ఎత్నా లోపలికొచ్చి తలుపు గడియ వేసింది. పొయ్యిలో గడ్డి పరిచింది. దాని మీద, దీవిలో కట్టెలకు బదులు కాల్చే ఎండిన బురదమట్టి పెళ్లలు గూడులా నిలబెట్టింది. షివాన్ నిప్పు అంటుకుంటే చాలు, ఏడిళ్ల నిప్పూ మళ్లీ బతికినట్టే. ఆరిన సంగతి తనకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

శాలువ విప్పి, మూత తీసింది: లోపల రాత్రే చల్లారిన బూడిద, దాని మీద ఫెస్టీ అగ్గిపెట్టె.