మబ్బు కోసం వచ్చిన మనిషి

"సార్, ఎవరో వచ్చినారు. లోపలికి రావల్లంట," అన్నాడు గేటు కాపలా ఆంజనప్ప.

కృష్ణకుమార్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

"ఉద్యోగాల్లేవని చెప్పు."

"ఉద్యోగానికి కాదంట సార్."

"అయితే భూమి తగాదా. తాలూకాఫీసుకు పొమ్మను."

పావగడ తాలూకా క్యాతగానచెర్లులో సోలార్ పార్కు వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ప్యానెళ్ల నడుమ ఏ షెడ్డు లేచినా జనం తయారు. భూములిచ్చినాం, మావాడికి పని ఇప్పించండి అని. ఆంజనప్ప కూడా అలా వచ్చినవాడే. తను వేరుశనగ వేసిన చేనుకే ఇప్పుడు కాపలా కాస్తున్నాడు. కృష్ణకుమార్‌కు వాళ్లందరిదీ ఒకటే ముఖం.

నిజానికి అతనిదీ పావగడే. బెంగళూరులో చదువుకుని యాసను కడిగేసుకున్నాడు. కోపమొస్తే మాత్రం అది నోట్లోంచి ఊడిపడేది.

ఇవాళ పొద్దుట్నుంచీ కోపంగానే ఉన్నాడు.

మధ్యాహ్నం వీడియోలో పేటెంటు విచారణ. ఆఖరి వాయిదా. బ్యాటరీకి ఎప్పుడు ఎంత కరెంటు ఎక్కించాలో నియంత్రించే పద్ధతి అతనిది. మబ్బు తొలగి ఎండ ఒక్కసారిగా విరుచుకుపడితే మామూలు బ్యాటరీ వేడెక్కిపోతుంది. ఇతని పద్ధతి ఆ వేడిని ముందే పసిగట్టి, పస్తున్నవాడికి ముద్ద ముద్దగా తినిపించినట్టు కరెంటు పెడుతుంది. పేటెంటు వస్తే ఒక పెద్ద కంపెనీ దాన్ని తీసుకుంటానంది. రాకపోతే ఈ షెడ్డుకు తాళమే.

ఇదేమీ కొత్తది కాదని పేటెంటు ఆఫీసు అడ్డం తిరిగింది. జర్మనీలో అచ్చయిన ఒక పరిశోధన వ్యాసంలో ఇది ఉందట.

ఆ వ్యాసాన్ని కృష్ణకుమార్ తెరిచి కూడా చూడలేదు. "చలిదేశంలో కోటేసుకుని రాసినోనికి పావగడ ఎండ ఏం తెలుసు?" అని నవ్వి, లాయరు వినుత మొహాన కొట్టాడు.

ఇప్పుడు ఫోన్ చేస్తున్నది ఆవిడే.

కట్ చేశాడు. ఎత్తితే మళ్లీ అదే పాట. పేటెంటు అధికారిణితో మర్యాదగా మాట్లాడండి, తొందరపడకండి అని.

ఫోన్ పక్కన పెట్టి చూసేసరికి వాకిట్లో మనిషి.

యాభై దాటి ఉంటాయి. నలిగిన చొక్కా. దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులు. భుజాన తువ్వాలు.

"ఆంజనప్పా! గేటు తెరిచిపెట్టి నిద్రపోతాండావా?"

"ఆయప్పను తిట్టొద్దప్పా. నేనే దూరొచ్చినా," అన్నాడు ఆ మనిషి నవ్వుతూ. "బ్యాటరీ యాడుండాది?"

"ఎందుకు? సెల్లుకు చార్జింగ్ పెట్టుకోవల్లనా?"

"చూడల్ల."

"చూసేదానికి ఇదేమన్నా జాతరా?"

"మబ్బు పట్టే మాదిరి ఉండాది. మబ్బు పోయి ఎండొస్తే ఇది ఏం చేస్తాదో చూసి పోతా. రొంతసేపు, అంతే."

కృష్ణకుమార్‌కు ఒళ్లు మండింది. మబ్బు కోసం కాచుక్కూచునేవాడు ఈ తాలూకాలో రైతు తప్ప ఇంకెవడు?

"మబ్బు చూడల్లంటే నీ చేనుకాడ చూసుకోపో. ఈడేం పని నీకు?"

"చేను మా తమ్ముడు చూసుకుంటాడులే. నేను..."

"నువ్వు ఏందయినా నాకొద్దు."

"పేరన్నా చెప్తా, విను."

"అస్సలొద్దు. పేరు వింటే గుర్తుంటాది. గుర్తుంటే రేపు సంతలో పలకరిస్తావు. ఎల్లుండి కొడుకును ఎంటబెట్టుకొస్తావు."

ఆ మనిషి నవ్వు ఆగింది.

"ఎవురి పిల్లోనివప్పా నువ్వు? మన పక్కోనివే. మాటలోనే తెలుస్తాండాది."

ఆ ఒక్క మాటా సూదిలా దిగింది.

"ఆంజనప్పా, ఈయప్పను బయటికి తోలు!"

"తోలేదానికి నేనేమన్నా గొర్రెనా? పోతాలేప్పా," అన్నాడు ఆ మనిషి తువ్వాలు సర్దుకుంటూ. "చూడందాన్ని చూసినా అని చెప్పే అలవాటు లేదు నాకు. దానికోసరమే బస్సు దిగి ఇంత దూరం నడిచొచ్చినా."

"మంచి అలవాటే. అట్లే నడిచి పో."

ఆంజనప్ప ఏదో చెప్పబోయాడు. కృష్ణకుమార్ చూపుకు నోరు మూసుకున్నాడు.

ఆ మనిషి రోడ్డెక్కాక మబ్బు పట్టింది. ప్యానెళ్ల మీద నీడ పాకింది, పోయింది. ఎండ ఒక్కసారిగా మీద పడింది. షెడ్డులో తెర మీద కరెంటు గీత బెదరకుండా, మెల్లగా పైకి లేచింది. అంత చక్కగా అది ఎప్పుడూ పనిచేయలేదు. చూడ్డానికి అక్కడ కృష్ణకుమార్ తప్ప ఎవరూ లేరు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి దాని నోరే నొక్కేశాడు.

విచారణ మొదలైంది. తెర మీద ఒక పక్క అధికారిణి, ఇంకో పక్క వినుత.

"వినుతగారూ, నిన్న మీరు చెప్పిన ప్రమాణపత్రం వచ్చిందా?"

"లేదు మేడమ్. ఆయన సంతకం పెట్టనన్నారు. యంత్రం పనిచేయడం చూడకుండా రాసివ్వలేనన్నారు."

"ఏ ప్రమాణపత్రం?" అన్నాడు కృష్ణకుమార్.

"పొద్దుట్నుంచీ మీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. సైటుకు ఎవరూ రాలేదా?"

"ఎవరూ రాలేదే! పల్లెటూరోడు ఒకడు వచ్చాడు. మబ్బు చూస్తానన్నాడు. తరిమేశాను."

వినుత కళ్లు మూసుకుంది.

"ఇక వాయిదా లేదు," అంది అధికారిణి. "ఆ పాత వ్యాసానికీ మీ పద్ధతికీ తేడా ఏమిటో చెప్పగల సాక్షి ఎవరైనా ఉన్నారా?"

కృష్ణకుమార్ వినుత వైపు చూశాడు.

"ఉండేవారు మేడమ్," అంది వినుత నెమ్మదిగా. "సెలవుకు పావగడ దగ్గర సొంతూరు అరసికెరెకు వచ్చిన ఓబులేశ్‌గారు, ఆ జర్మనీ వ్యాసం రాసిందీ ఆయనే, తనకు చేతకానిది తన తాలూకా కుర్రాడు చేశాడని సంతకం పెట్టడానికి పొద్దున ఆ షెడ్డుకు వెళ్లారు."