ఎక్కడో చూసిన మొహం

“బెల్టు తీసి ఇందులో పెట్టు. తాళాలు కూడా” అన్నాడు లైసెన్సు ఆఫీసు గుమ్మం దగ్గర కాపలా మనిషి.

ఆ గొంతు వినగానే ఓడెల్ గెయిన్స్ గుండె గుభేలుమంది. మెల్లగా తలెత్తి చూశాడు. జుట్టు నెరిసింది, బొజ్జ పెరిగింది, పోలీసు చొక్కా పోయి కాపలా చొక్కా వచ్చింది. అయినా మనిషి అతనే, హాల్వర్సన్! ఇరవై ఏళ్ల క్రితం సౌత్ మెయిన్ వీధిలో లాండ్రీ ముందు తన మొహాన్ని కారు బానెట్‌కు అదిమిపట్టి, జేబులోంచి గంజాయి పొట్లం లాగి, చేతులకు బేడీలు తగిలించిన పోలీసు.

“నిన్నెక్కడో చూశానయ్యా” హాల్వర్సన్ కళ్లు చికిలించాడు.

“నన్నా? లేదు సార్, పొరబడ్డారు.”

“ఇవాళే చేరానిక్కడ. ఈ తనిఖీ యంత్రం ఇంకా అంతుపట్టలేదు గానీ, మొహాలు మాత్రం మర్చిపోను. సౌత్ మెయిన్ మనిషివి కదూ?”

“ఆ ఛాయలకే వెళ్లి ఎరగను సార్!”

బెల్టు పెట్టుకునే ధైర్యం కూడా లేక, ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని ఓడెల్ లోపలికి పరుగులాంటి నడక నడిచాడు.

గంజాయి దుకాణం లైసెన్సు ఇవాళ అటో ఇటో తేలిపోతుంది. దానికోసం తల్లి ఇచ్చిన ఇల్లు తాకట్టు పెట్టి కొట్టు అద్దెకు తీసుకున్నాడు. చట్టం మారి, నిన్నటి నేరం ఇవాళ వ్యాపారమైంది. అయితే మాత్రం, జైలుకెళ్లొచ్చినవాడి రాత మారుతుందా? గోదాములో పనికెళ్లినా, లారీ తోలతానన్నా అందరిదీ ఒకటే ప్రశ్న, “ఎప్పుడైనా అరెస్టయ్యావా?” అవునంటే తలుపు మూయడమే. అందుకే కిందటేడు లాయరును పట్టుకుని కోర్టులో ఆ కేసు ఆనవాలు లేకుండా తుడిపించేశాడు. ఇంట్లో ఉన్న కాగితాలను భార్య రెనీటా, తానూ కలిసి పెరట్లో మాంసం కాల్చే పొయ్యిలో వేసేశారు. ఇక ఆ కేసు మిగిలిందల్లా హాల్వర్సన్ బుర్రలోనే. ఆ బుర్ర ఇవాళే ఇక్కడికి తగలడాలా!

అధికారిణి కోవల్స్కీ కుర్చీ చూపించింది. గది తలుపు అద్దానిది. అద్దానికి అవతల హాల్వర్సన్ వచ్చి నిలబడ్డాడు. మాటలు బయటికి వినపడవు గానీ, అతను మాత్రం కన్నార్పకుండా ఓడెల్‌నే చూస్తున్నాడు. ఓడెల్ వీపంతా చెమటతో తడిసిపోయింది.

“గెయిన్స్ గారూ, గంజాయి కేసులో ఎప్పుడైనా అరెస్టయ్యారా?”

“లేదండీ.”

“జైలుకు?”

“దేవుడి మీద ఒట్టు, జైలు గోడ ఏ రంగో కూడా తెలీదు.”

“పోనీ, మీ ఇంట్లోవాళ్లు?”

“మా వంశంలోనే లేరు మేడమ్!”

ఆమె నిట్టూర్చి ఫైలు మూసేసింది. “అయితే కుదరదండీ. కొత్త నిబంధన ప్రకారం ఈ విడత లైసెన్సులు ఆ కేసుల్లో జైలుకెళ్లినవాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకే. వాళ్ల బతుకులు పాడుచేశాం గనక, ముందు వాళ్లకే ఇమ్మని చట్టం. ఆ కేసులు ఎక్కువగా పడ్డ వీధి మీది, ఆ పేరు చూసి తప్పకుండా వెళ్లే ఉంటారనుకున్నా.”

ఓడెల్‌కు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. “వెళ్లాను మేడమ్! అబద్ధమాడాను! ఏడాది పైన ఉన్నాను లోపల!”

“అందరిదీ ఇదే వరసండీ. జైలుకెళ్లలేదని ఏడ్చేవాళ్లని ఈ ఉద్యోగంలోనే చూస్తున్నా. కాగితం ఉందా?”

“తగలబెట్టేశాను.”

“కోర్టులో అడగనా?”

“తుడిపించేశాను.”

“ఇంకేం, చేతులారా చేసుకున్నారు! ఇవాళే ఆఖరి రోజు. మిమ్మల్ని పట్టుకున్న పోలీసు వచ్చి ప్రమాణం చేసి చెప్పినా ఒప్పుకుంటాను. అతన్నెక్కణ్నించి తెస్తారిప్పుడు?”

ఓడెల్ ఎగిరి లేచాడు. “తేవడమెందుకండీ, అడుగో! మీ కాపలాదారే!”

ఆమె తలుపు తీసి పిలిచింది. “హాల్వర్సన్, ఇలా రండి. కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసి చెప్పండి. ఈయన్ని మీరెప్పుడైనా గంజాయి కేసులో అరెస్టు చేశారా?”

ఓడెల్‌కు మళ్లీ భయం పట్టుకుంది. గుర్తుపడితే కొంప మునుగుతుందని ఇందాకటి భయం, గుర్తుపట్టకపోతే మునుగుతుందని ఇప్పటి భయం. జారే ప్యాంటు పట్టుకుని, దేవుడి పటం ముందు నిలబడ్డట్టు అతని ముందు నిలబడ్డాడు.

హాల్వర్సన్ ఆ ప్యాంటు పట్టుకున్న చేతిని చూశాడు. చెమట కారుతున్న మొహం చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా అతని కళ్లు పెద్దవయ్యాయి, తర్వాత చెమర్చాయి. గుర్తుపట్టాడు! సందేహం లేదు! ఓడెల్ ప్రాణం లేచొచ్చింది.

హాల్వర్సన్ కుడిచెయ్యి పైకెత్తాడు. “ఇతన్నా? జన్మలో చూళ్లేదు మేడమ్. ప్రమాణం చేసి చెబుతున్నా.”

హాల్వర్సన్ తలుపు వైపు తిరగ్గానే, అతని వెనక ఫైలు మీద తిరస్కరణ ముద్ర ఠప్పున పడింది.

కొయ్యబారిపోయిన ఓడెల్ భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా నడిపించుకొచ్చాడు హాల్వర్సన్. అక్కడ అతనికి బెల్టూ తాళాలూ అందించి, చెవిలో గుసగుసగా అన్నాడు: “ఆ రోజు నీ బతుకు పాడుచేశానని ఇన్నేళ్లూ నిద్రపట్టలేదు తమ్ముడూ. ఇవాళ నిన్ను కాపాడుకున్నాను!”