మెయిన్ ఆపిన శనివారం

శనివారం పొద్దున పదకొండింటికి ముప్ఫై రెండు ఫ్లాట్లకూ ఒక్కసారిగా కరెంటు పోయింది.

పోలేదు. గిరీష్ తీయించాడు.

"ఇప్పుడు చెప్పు ఎల్లేశం, ఇంకా వినపడతాందా?" సెల్లార్‌లో మీటర్ల ముందు నిలబడి అడిగాడు.

వాచ్‌మన్ ఎల్లేశం అతని ముఖంలోకి చూశాడు. కాసేపు కళ్లు మూసుకుని తెరిచాడు.

"వినవడ్తంది సార్."

"సన్నగా, క్రీ... మని?"

"ఔ సార్. కీచురాయి లెక్క."

గిరీష్‌కి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

ఏడు నెలలుగా ఆ మోత అతన్ని తినేస్తోంది. కదిరి నుంచి వచ్చి, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తూ, హఫీజ్‌పేట్‌లోని ఈ అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా కిరాయికి ఉంటున్నాడు. ఎవరికి చెప్పుకున్నా ఒకటే జవాబు, "మాకేం వినపడట్లేదే!"

టీమ్‌లో వంశీ అయితే, "పెళ్లి చేసుకో బ్రో, ఆ మోత పోయి వేరే మోత మొదలవుద్ది," అన్నాడు. అందరితో పాటు గిరీష్ కూడా నవ్వాల్సి వచ్చింది. మనిషి బాధ నలుగురికీ జోకయ్యాక ఇక చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

అందుకే చెప్పడం మానేసి వెతకడం మొదలుపెట్టాడు. ఆఫీసులో తప్పు ఎక్కడుందో తెలియకపోతే ఒక్కొక్కటే ఆపి చూస్తారు. అలాగే ఇంట్లో ఫ్రిజ్ ఆపాడు, రౌటర్ ఆపాడు. ఫ్యాన్ ఆపితే మోత ఇంకా పెరిగింది. అప్పుడు కిందికొచ్చి ఎల్లేశాన్ని అడిగాడు.

"నాగ్గూడ వినవడ్తది సార్," అన్నాడు ఎల్లేశం.

ఇంత పెద్ద ఊళ్లో ఆ మాట అన్నది అతనొక్కడే.

అప్పట్నుంచి నెల రోజులు ఇద్దరూ కలిసి వెతికారు. లిఫ్ట్ మోటారు ఆపారు. బోరు ఆపారు. టెర్రస్ మీద సెల్ టవర్ కింద నిలబడి చూశారు.

"దొరుకుతది సార్, యాడికి పోతది?" అనేవాడు ఎల్లేశం. గిరీష్ కంటే అతనికే పట్టుదల ఎక్కువ.

చివరికి ఈ రోజు మెయినే ఆపారు.

పది నిమిషాల్లో సెక్రటరీ మహేందర్ ఊగిపోతూ దిగొచ్చాడు.

"ఎవడ్రా ఆపింది? మా బిడ్డ ఆన్‌లైన్ ఇంటర్వ్యూల ఉన్నది!"

గిరీష్ నోరు తెరిచేలోపే ఎల్లేశం ముందుకొచ్చాడు.

"నేనే సార్. ఫీజు చూద్దమని."

తిట్లన్నీ అతనే తిన్నాడు. గిరీష్ మెల్లగా మెట్లెక్కి ఇంటికి పోయాడు.

సోమవారం వినికిడి పరీక్షల రిపోర్టులు పట్టుకుని చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ అన్నీ చూసి ఫైలు మూసింది.

"ఇది బయటి శబ్దం కాదండి. మీ లోపలే పుడుతోంది. కారణం అందరిలోనూ దొరకదు. గదిలో ఏదో ఒక చిన్న చప్పుడు ఉంచుకోండి, మెల్లగా అలవాటవుతుంది."

"లేదు డాక్టర్, మా వాచ్‌మన్‌కి కూడా వినపడతాంది."

"మీ చెవిలో మోత ఆయనకెలా వినపడుతుందండీ? మీ మాట కాదనలేక అనుంటాడు."

గిరీష్‌కి తల కొట్టేసినట్టయింది. తనను నమ్మిన ఒకే ఒక్క మనిషి, నమ్మినట్టు నటించాడన్నమాట!

ఎల్లేశం గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. వెనక నుంచి రెండుసార్లు పిలిచినా తిరిగి చూడలేదు. ఎంత పొగరు అనుకుంటూ గిరీష్ ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"నిజం చెప్పు. నీకు ఆ మోత వినపడతాందా?"

"వినవడ్తంది సార్. గిప్పుడు గూడ."

కోపం నషాళానికంటింది.

"నాతో ఆటలాడుకుంటాండావా?"

ఎల్లేశం ఏదో చెప్పబోయాడు. గిరీష్ ఆగలేదు. లిఫ్ట్‌లో ఉండగానే అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేశాడు, 'మన వాచ్‌మన్ పచ్చి అబద్ధాలకోరు. లేని శబ్దం ఉందని నెల రోజులు నన్ను తిప్పాడు.'

ఇక గ్రూపులో అందరికీ నోళ్లు లేచాయి. హారన్ కొట్టినా గేటు తీయడని ఒకరు, ఇంటర్‌కమ్ ఎత్తడని ఇంకొకరు. సాయంత్రానికల్లా ఎల్లేశం పని ఊడింది.

ఆ వారమంతా గిరీష్ ఒక్కడే మోత వింటూ కూర్చున్నాడు. "ఇయ్యాల ఎట్లున్నది సార్?" అని అడిగే దిక్కు లేదు. కోపం దిగేకొద్దీ సిగ్గేసింది. నటించాడనే అనుకుందాం, నటించడానికైనా ఇంకెవరు వచ్చారు?

ఆదివారం ఎల్లేశం భార్య పోచమ్మ మిగిలిన సామాను కోసం వచ్చింది. బాల్కనీలోంచి చూసి గిరీష్ గబగబా కిందికి దిగాడు.

"ఎల్లేశం యాడ పోచమ్మా? నేను మాట్లాడాల."

"క్వారీకి వాపస్ పోయిండు సార్. చెవులు వినరాని మనిషికి ఇంకేడ పని దొరుకుతది?"

"చెవులు వినరావా?"

"బండలు పేల్చి పేల్చి గాడ్నే పోయినయి. మూతి జూసి మాట అందుకుంటడు. తెలిస్తే గేటు కాడ ఉండనియ్యరని ఎవ్వరికి జెప్పలె."

గిరీష్ ఆమెకు ఎదురుగా వచ్చి అడిగాడు.

"మరి ఆ మోత వినపడతాందని నాతో ఎందుకన్నాడు?"

పోచమ్మ చేతిలో మూట కింద పెట్టింది.

"ఏడేండ్ల సంది ఆయన చెవులకు వినవడేది గా మోతొక్కటే సార్, సదువుకున్నోళ్లు మీరు ఎట్లనన్న పట్టుకుంటరని మీ ఎంబడి తిరిగిండు."