ఉచిత కాపలా

విచారణ కమిటీ పదకొండింటికి ఇంటికే వస్తుందనగా, సూపరింటెండెంటుగారు పొద్దున్న ఏడింటికి కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్రీగా దొరికే యాంటీవైరస్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఇదే. పైగా ఈయనకి ఆ బావి కూడా ఎవరో ఉచితంగా తవ్విపెట్టాలి.

ఆయన కాలేజీలో పరీక్షల విభాగానికి పెద్ద. మార్కుల జాబితాలు ఇంటికి తెచ్చి, ఈ కంప్యూటర్లోనే ఒకరి మార్కులు ఇంకొకరికి వేసేవాడు. చదివినవాళ్లు తప్పేవాళ్లు, చదవనివాళ్లు గట్టెక్కేవాళ్లు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న ధైర్యంతో పదేళ్లు గడిపేశాడు. ఈ రెండు నెలల్లోనే ప్రిన్సిపాల్‌కి మూడు ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చాయి. మూడింటిలోనూ హాల్‌టికెట్ నంబర్లు, అసలు మార్కులు, మార్చిన మార్కులు పొల్లుపోకుండా ఉన్నాయి.

ఆ వివరాలు ఈ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవు. అంటే ఎవడో దొంగ ఇంటర్నెట్ గుండా ఇందులోకి దూరాడన్నమాట. వాడు మళ్లీ రాకుండా తలుపు వేయాలి. ఉన్న ఫైళ్లు ఆనవాలు లేకుండా తుడిచేయాలి. ఊరికే డిలీట్ చేస్తే కమిటీ వెంట వచ్చే నిపుణుడు మళ్లీ పైకి లాగుతాడట. దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా.

"ఇంత అవసరం వచ్చినప్పుడు ఒక మంచిది కొనుక్కోకూడదూ?" అంది భార్య కాఫీ అందిస్తూ.

"పదో తరగతి లెక్కల్లో ముప్ఫై మూడు తెచ్చుకున్నదానివి, నువ్వా నాకు చెప్పేది?"

రెండంటే రెండు మార్కులతో తప్పింది ఆవిడ. పెళ్లయిన నాటినుంచీ ఈయన ఆ సంగతి మరిచిపోనివ్వలేదు. ఇంట్లో ఆవిడ పేరే 'ముప్ఫై మూడు'. చుట్టాల ముందూ అదే పిలుపు. ఆవిడకి వేరే పేరొకటి ఉందని ఆయనకి గుర్తుందో లేదో.

మొదటిది ఎక్కించాడు. అది నాలుగు వందల పన్నెండు ప్రమాదాలున్నాయని ఎర్ర అక్షరాలతో హడలగొట్టి, తీసేయాలంటే మాత్రం డబ్బు కట్టమంది. దాన్ని నోరారా తిట్టి, అది ఉండగానే రెండోది ఎక్కించాడు. రెండోది మొదటిదాన్నే వైరస్ అంది. మొదటిది ఊరుకుంటుందా, నువ్వే వైరస్ అంది. రెండు కాపలా కుక్కలూ ఒకదాన్నొకటి కరుచుకుంటుంటే కంప్యూటర్ బిగుసుకుపోయింది. అంత చదువు చదివిన పెద్దమనిషి దాని నెత్తిన నాలుగు దెబ్బలు వేశాడు.

భార్య మంచం మీద బట్టలు మడతపెడుతూ, "సందు చివరి టైలరు కూతురు ఈసారి తప్పిందటండీ. నాలుగు రోజులుగా గది తలుపు తీయడం లేదట. వాళ్లమ్మ ఒకటే ఏడుపు" అంది.

ఆ పిల్లకి వచ్చిన తొంభై ఒకటీ ఏ కాంట్రాక్టరు కొడుక్కి చేరిందో ఆయనకి బాగా తెలుసు. కనురెప్ప కూడా కదలలేదు.

"ఫెయిలైనవాళ్లకి ఫెయిలైనవాళ్లే చుట్టాలు" అన్నాడు. ఇలాంటివాణ్ణి చూస్తే కోపం కూడా దండగే.

కంప్యూటర్‌ని ఆపి మళ్లీ వేసి, ఆ రెంటినీ పీకేసి, ముక్కూ మొహం తెలియని నలుగురు ఎక్కడో బాగుందని రాశారని మూడోది ఎక్కించాడు. అది కాసేపు గిరగిరా తిరిగి, 'మీ కంప్యూటర్ భద్రం. బయటివారెవరూ చొరబడలేదు' అని ఆకుపచ్చ అక్షరాల్లో చెప్పింది.

"నేను రంగంలోకి దిగానని తెలిసి పారిపోయుంటాడు వెధవ" అని మీసం దువ్వుకున్నాడు.

దాని కింద ఇంకో వాక్యం ఉంది. 'మీ పాస్‌వర్డ్ చాలా బలహీనం. వెంటనే మార్చండి.' అది చదివి ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏమైందండీ?"

"నా పాస్‌వర్డ్ దీనికి నచ్చలేదట! ఎంత మేధావైనా తలకిందులుగా తపస్సు చేసినా తట్టదది. నీలాంటివాళ్లకి అసలు అర్థమే కాదులే."

ఆవిడ ఇంకో చీర మడతపెట్టింది.

మార్కుల ఫైళ్లన్నీ ఎంచి, అందులోనే ఉన్న తుడిచే మీట నొక్కాడు. 'మొత్తం ఆనవాళ్లు వెతకడానికి నలభై నిమిషాలు. పూర్తయ్యాక మీరు సరేనంటేనే చెరిపేస్తాం' అంది తెర. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఈలోగా గడ్డం గీసుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి ఒక్కసారి సరే అంటే చాలు. కమిటీకి కాఫీ తాగడం తప్ప వేరే పనుండదు. కంప్యూటర్‌కి తాళం వేసి, తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"దాన్ని ముట్టుకోకు. ముట్టుకున్నా నీకు తెరుచుకోదులే" అన్నాడు.

"నాకెందుకండీ అవన్నీ" అంది ఆవిడ.

స్నానాలగదిలో నీళ్ల చప్పుడుతో పాటు కూనిరాగం మొదలైంది. ఆవిడ మడతలు ఆపి, కుట్టుమిషను సొరుగులో దారపు రీళ్ల కింద ఉన్న పెన్ డ్రైవ్ తీసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర పాస్‌వర్డ్ అడిగింది.

కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ మూడు ఉత్తరాలు రాసేముందు మూడుసార్లూ చేసినట్టే, మొగుడు పద్దెనిమిదేళ్లుగా తనని పిలుస్తున్న పేరునే టైపు చేసింది: ముప్ఫై మూడు.