ఐదింతల ధర

ధర చీటీ చూసి డీలరు పకపకా నవ్వాడు.

"ఇంతేనా మేడమ్? ఒక సున్నా రాయడం మర్చిపోయారేమో చూసుకోండి."

"మర్చిపోలేదు. అదే ధర," అంది అక్క.

ఆవిడ తన చేతుల్తో ఒక్కొక్కటే చేసే రికార్డ్ ప్లేయర్లవి. ఇంట్లో వెనక రెండు గదులూ వర్క్‌షాపు, ముందుగది కొట్టు. చేసేది అక్క, అమ్మేది తమ్ముడు. ఆర్నెల్లుగా తమ్ముడికి పెద్దగా పనే లేదు.

"పాట బ్రహ్మాండంగా పలుకుతోంది, కాదనను," అన్నాడు డీలరు. "కానీ దీన్ని తీసికెళ్ళి ఆ పెద్ద కంపెనీవాళ్ళ దాని పక్కన పెడితే పిల్లల బొమ్మ అనుకుంటారు. ఒక్క మర కూడా మార్చొద్దు. ధర మాత్రం ఐదింతలు చెయ్యండి. రేపే ముప్ఫై తీసుకుంటా."

తమ్ముడు అక్క పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ముప్ఫై, అక్కా! ఊఁ అను."

"ఊఁ అనకమ్మా."

అన్నది మూల కుర్చీలో కళ్ళు మూసుకుని పాట వింటున్న పెద్దాయన. రెండు నెలలుగా రోజూ వస్తాడు, ఓ రికార్డు పెట్టించుకుని వింటాడు, వెళ్ళిపోతాడు. ఏనాడూ కొన్న పాపాన పోలేదు. తమ్ముడు ఆయనకి 'శ్రోతగారు' అని పేరు పెట్టాడు.

"కొననివాళ్ళకి ధరతో పనేంటి?" అన్నాడు డీలరు.

"ఐదింతలు పోసి కొన్నవాడు చెవుల్తో వినడు బాబూ, ధరతో వింటాడు. ఇక ఈ అమ్మాయి మోటారు సంగతి గాలికొదిలేసి, పెట్టెకి బంగారు రంగులు పూసుకుంటూ కూర్చోవాలి."

తమ్ముడికి ఒళ్ళు మండింది.

"బాబాయిగారూ, మీరు పాట వినడానికొచ్చారా, మా నోటికాడ కూడు లాగడానికొచ్చారా? ఇక రాకండి."

అక్క ఆపాలనుకుంది. ముప్ఫై అన్న మాట ఆవిడ నోరు కట్టేసింది.

పెద్దాయన కళ్ళజోడు జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"మోటారు మరలు మరీ బిగించావమ్మా. ఎడమ పక్కది అర చుట్టు వదులు చెయ్యి. ఆ చిన్న గుర్రు పోతుంది."

వెళ్ళిపోయాడు.

అక్క తెల్లబోయింది. ఆ గుర్రు తనకి తప్ప ఇంకెవరికీ వినబడదనుకుంది. దాని అంతు తేల్చలేక ఏడాదిగా సతమతమవుతోంది.

స్క్రూడ్రైవర్ తీసి అర చుట్టు వదులు చేసింది. చెవి ఆనించింది.

గుర్రు లేదు.

లేచి డీలరు వైపు తిరిగింది.

"ధర మారదండీ. పిల్లలకి పాటలు నేర్పుకునే పంతులమ్మ కూడా కొనుక్కోగలగాలి. అందుకే చేస్తున్నా."

"మునిగిపోతారు మేడమ్."

"మునిగితే మునుగుతా. నా మిషన్‌కి నేను కట్టిన ధరతోనే మునుగుతా. ఇక మీరు దయచేయండి!"

తమ్ముడు పది రోజులు అక్కతో మాట్లాడలేదు.

ఆవిడ మాత్రం రోజూ గుమ్మంకేసి చూసేది. ఆయన వస్తే ఊరికే ఇచ్చేద్దామని ఒక మిషన్ పక్కన తీసిపెట్టింది. ఇల్లెక్కడో, పేరేంటో ఒక్కనాడైనా అడగలేదే అని నొచ్చుకుంది.

నెల తిరిగాక ఒకామె వచ్చింది.

"మా నాన్న రోజూ ఇక్కడికే వచ్చేవారట. పోయిన వారం పోయారు. పాట వినాలనిపిస్తే ఇక్కడే కొనుక్కో, ఇంకెక్కడా కొనకు అన్నారు."

అక్క పక్కన తీసిపెట్టిన మిషన్ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ధర మార్చలేదని ఆయనకి చెప్పాలనుకున్నానండీ."

తమ్ముడు తలొంచుకుని అడిగాడు. "ఆయన మెకానిక్కా అండీ?"

"మెకానిక్కే," అంటూ ఆమె ఒక కంపెనీ పేరు చెప్పింది.

అది డీలరు చెప్పిన ఆ పెద్ద కంపెనీ.

"దాన్ని పెట్టింది నాన్నే. ధర ఐదింతలు చెయ్యనంటే చెయ్యనని మొండికేసినందుకు, భాగస్తులంతా కలిసి ఆయన్ని బయటికి పంపేశారు."