కోడ్ మారింది

టైలర్ల వాట్సాప్ గ్రూపులో సన్నగా ఒక లైను పడింది.

'పెద్దక్క సెక్యూరిటీ కోడ్ మారింది.'

ఇలాంటి లైన్లు ఎవరు చదువుతారు? గుండీలు కుట్టే ఆమె చదివింది. మిషను ఆపి, తిన్నగా కటింగ్ మాస్టర్ బల్ల దగ్గరికి వచ్చింది.

"మాస్టర్, గ్రూపులో ఎవరూ ఏమీ రాయొద్దు. పెద్దక్క సిమ్ వేరే ఫోన్‌లో పడింది."

"కొత్త ఫోన్ కొనుక్కుని ఉంటుంది. దానికింత హడావిడా?"

"తనే కొనుక్కుందో, ఎవరైనా లాక్కున్నారో. మనిషిని కలిసి, రెండు ఫోన్లలో ఆ కోడ్ అంకెలు సరిపోయాయో లేదో చూసుకునేదాకా ఆగండి."

మాస్టర్‌కి ఒళ్ళు మండింది.

ఆమె పనిలో చేరి రెండు నెలలైనా కాలేదు. చదివిన మెసేజీ చెరిపేయమని, ఫోన్‌కి తాళం వేసుకోమని ఒకటే నస. అందుకే అందరూ ఆమెను 'తాళం' అనేవాళ్ళు. "దీని మొగుడు ఇంట్లోకి రావాలన్నా పాస్‌వర్డ్ చెప్పాలేమో" అని టైలర్లు నవ్వుకునేవాళ్ళు.

మాస్టర్ మాత్రం నవ్వేవాడు కాదు. ఆమె మేనేజర్ గదిలోంచి బయటికి రావడం ఒకసారి కళ్ళారా చూశాడు. అనుమానం పట్టుకుంటే ఊరికే వదులుతుందా?

ఫ్యాక్టరీ పై అంతస్తు తగలబడిన రోజు, పని అయ్యేదాకా ఎవరూ కదలకూడదని తలుపుకి బయటినుంచి తాళం వేసింది మేనేజరే. లోపలున్న వాళ్ళెవరూ బతకలేదు. అతను తాళం వేస్తుండగా చూసింది మాస్టర్ చెల్లెలు ఒక్కతే.

రేపే విచారణ. చెల్లెల్ని ఎక్కడ దాచాడో మాస్టర్ ఎవరికీ చెప్పలేదు. టైలర్లందరికీ పెద్దదిక్కయిన పెద్దక్క కూడా "నాకూ చెప్పకు తమ్ముడూ" అంది. ఆవిడ నిన్నటినుంచి పనికి రావడం లేదు. జ్వరమేమో అనుకున్నారు.

మాస్టర్ ఫోన్ మోగింది. పెద్దక్క పేరే.

'తమ్ముడూ, చెల్లి ఏ ఇంట్లో ఉంది? లాయరుగారు కారు పంపిస్తారట. అడ్రసు పెట్టు.'

"చూశావా? పెద్దక్కే" అన్నాడు మాస్టర్.

"నాకు చెప్పకన్న మనిషి ఇప్పుడెందుకు అడుగుతుంది?"

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

తాళం అతని ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది.

"రాయకండి. రాయక తప్పదనుకుంటే మా గది అడ్రసు రాయండి."

మాస్టర్ ఆలోచించాడు. ఈ తాళం మేనేజర్ మనిషైతే దీని గదికి వచ్చే ఢోకా ఏమీ లేదు. అడిగింది నిజంగా పెద్దక్కే అయితే పొద్దున్న సర్దిచెప్పుకోవచ్చు. ఎటు చూసినా చెల్లెలికి నష్టం లేదు. ఆమె చెప్పిన అడ్రసు రాసి పంపేశాడు.

"రాశాను. ఇక నీ పని నువ్వు చూసుకో."

"మంచిదన్నా."

అప్పటిదాకా మాస్టర్ అనే పిలిచేది. గుండీల డబ్బా సర్ది, మిషను మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు విచారణలో చెల్లెలు చూసిందంతా చెప్పింది. గుమ్మం దగ్గర మేనేజర్ మనుషులు ఉంటారని భయపడ్డారు. ఒక్కడూ లేడు.

ఎందుకు లేరో బయటికొచ్చాక తెలిసింది. తెల్లవారేసరికి తాళం గది ఆమెతో సహా బూడిదయింది. తలుపుకి బయటినుంచి గొళ్ళెం పెట్టి ఉంది. లోపలున్నది మాస్టర్ చెల్లెలే అనుకున్నారు వాళ్ళు.

మాస్టర్ ఫోన్ తీసి, తను రాసిన అడ్రసు మళ్ళీ చూసుకున్నాడు.

పెద్దక్క ఆస్పత్రిలో ఉందని సాయంత్రం కబురొచ్చింది. మొన్న ఎవరో బండి మీద వచ్చి తల పగలగొట్టి ఫోన్ లాక్కుపోయారట. ఆ సాయంత్రమే స్పృహ వచ్చింది.

మాస్టర్ మంచం పట్టె పట్టుకుని ఏడ్చేశాడు.

"పాపం చేశానక్కా. అది మేనేజర్ మనిషనుకుని, నా చేత్తోనే దాని అడ్రసు రాశాను. అలాంటి మనిషిని అనుమానించాను."

పెద్దక్క అతన్ని దగ్గరికి రమ్మంది.

"నీ అనుమానం తప్పు కాదు తమ్ముడూ. నీ చెల్లి ఎక్కడుందో కనుక్కోమని మేనేజరే దాన్ని పనిలో పెట్టాడు. వచ్చిన వారంలోనే నీ వెనకాలే నడిచి ఆ ఇల్లు చూసొచ్చింది. ఆ పూటే నా దగ్గర కూర్చుని ఏడ్చింది. అప్పట్నుంచీ మేనేజర్‌తో 'ఇంకా దొరకలేదు సార్' అనే చెబుతూ వచ్చింది."