మొదటి స్థానంలో బావ

చంద్రిక వంటింటి గడప దగ్గర కూర్చుని నెత్తళ్ళ చేపల తలలు తుంచుతోంది. పళ్ళెంలో సగం అయ్యేసరికి ముందు గదిలోంచి, సెలవుకి ఇంట్లో ఉన్న మొగుడి కేక వినిపించింది.

"ఎవుడీడు?"

ఆమె తలెత్తింది. ఆ గడప దగ్గర కూర్చుంటే కంప్యూటర్ తెర మొత్తం కనిపిస్తుంది. అందులో ఉన్నది ఎప్పటిదో పాతకాలపు కారు పందెం ఆట. అగ్గిపెట్టెల్లాంటి కార్లు, సగంలో తెగిపోయి దూకమనే వంతెనలు, కారుని తలకిందులుగా తిప్పే లూపులు. రోడ్డుని ముక్కముక్కగా పేర్చి ఎవరి ట్రాకు వాళ్ళే కట్టుకోవచ్చు. పోర్టులో క్రేన్ ఎక్కి పగలంతా కంటైనర్లు పేర్చే వీరేంద్ర, ఇంటికొచ్చి ఈ ముక్కలు పేరుస్తాడు. ఇప్పుడు తెర మీదున్న ట్రాకు కట్టడానికి అతనికి పది రోజులు పట్టింది. లోకంలో ఇంకెవరి దగ్గరా లేదది.

తెర మీద రెండే పేర్లున్నాయి. రెండో స్థానంలో వీరేంద్ర. అతనికంటే ఏడు సెకన్ల ముందు, మొదటి స్థానంలో, ఇంగ్లిషు అక్షరాల్లో "బావ".

"నాను డ్యూటీకెల్తే ఇంటికెవడొస్తన్నాడు?"

"ఎవరూ రాలేదండీ."

"మరీ బావెవడు? ఆకాశంలోంచి ఊడిపడ్డాడేటి? మంగళారం మీ వంశీ వచ్చాడు కదా?"

"మునక్కాడలిచ్చీసి గుమ్మంలోంచే ఎల్లిపోయాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు."

"మేనమామ కొడుకు. వరసకి బావ. నాను రాకముందు మీ సబ్బవరంలో నీకు ఆడితోనే అనుకున్నారంట కదా?"

చంద్రిక ఇంకో చేప తల తుంచింది.

"మాటాడవేటి? ఇయ్యాల తేలిపోవాల. తేలకపోతే సాయంత్రం నిన్ను సబ్బవరం బస్సెక్కించీస్తాను. మళ్ళీ రానక్కర్లేదు."

అంటూనే ఫోన్ తీశాడు.

నాగవంశీ అచ్యుతాపురం నుంచి గంటలోపే బైకు మీద వచ్చాడు. ఒంటి మీద ఫ్యాక్టరీ యూనిఫారం ఇంకా అలాగే ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే వీరేంద్ర అతని భుజం పట్టుకుని తెచ్చి కంప్యూటర్ ముందు కుర్చీలో కూలేశాడు.

"ఆడు."

"ఏటిది అన్నయ్యా? చంద్రికకేటైనా అయిందేమో అని పరిగెత్తుకొచ్చాను."

"దానికేటయితే నీకేటి? ఆడు."

వంశీ భయంభయంగా మీట నొక్కాడు. కారు మొదటి మలుపులోనే గడ్డిలోకి పోయి, అక్కణ్ణించి నీళ్ళలో పడింది. రెండోసారి వంతెన ఎక్కాల్సింది పోయి దాని స్తంభాన్ని గుద్దింది. మూడోసారి వెనక్కి నడిచింది.

"నాటకాలాడకు."

"నా బైకే నలభై దాటదన్నయ్యా! ఈ గిరికీలు నావల్లేటవుద్ది?"

వీరేంద్ర వంగి పేర్ల పట్టిక తెరిచి, మొదటి పేరు మీద వేలు పెట్టాడు. వంశీ అక్షరాలు కూడబలుక్కుని చదివి, ఫక్కున నవ్వాడు.

"దీనికా నన్ను పిలిసింది? తనని తానే బావ అని ఎవుడైనా రాసుకుంటాడేటి? నాను రాస్తే వంశీ అని రాస్తాను గానీ!"

ఆ మాటతో వీరేంద్ర తేలికపడాల్సింది. కానీ ముఖం ఇంకా నల్లబడింది.

"నిజమే. నువ్వు రాయలేదు. ఇది రాసింది. నీ కోసం."

వంశీ నవ్వు ఆగిపోయింది. వంటింటి వైపు చూడటానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

లోపల కుళాయి చప్పుడైంది. చంద్రిక చేతులకి చింతపండు రుద్ది కడుక్కుని, చెంగుకి తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది.

"కాస్త జరుగు బావా," అంది.

వంశీ ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచాడు. వీరేంద్ర పిడికిలి బిగిసింది.

"నిన్ను కాదు వంశీ," అందామె. ఆమె చూపు కుర్చీకి అడ్డంగా నిలబడ్డ మొగుడి మీదే ఉంది. "పెళ్ళైన కొత్తలో మిమ్మల్ని అలాగే పిలిచేదాన్ని. పల్లెటూరి పిలుపు, కాలనీలో నవ్వుతారు, ఏమండీ అను అన్నారు. నోటితోటి మానీసాను."

వీరేంద్ర పిడికిలి వదులైంది. పక్కకి జరిగాడు.

చంద్రిక కూర్చుంది. కారు కదిలింది. మలుపులో గడ్డి అంచుని తాకీ తాకనట్టు పోయింది. తెగిన వంతెన మీంచి దూకి అవతలి ముక్క మీద నాలుగు చక్రాలతో దిగింది.

"లూపు ముందర మీరు బ్రేకు తొక్కుతారు," అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "రోజూ గడప దగ్గర్నుంచి చూస్తన్నాను. అక్కడ తొక్కకూడదు."

కారు తలకిందులై, మళ్ళీ సరై, గీత దాటింది. పాత రికార్డు కంటే ఇంకో మూడు సెకన్లు తక్కువ. వంశీ నోరు తెరిచి ఉండిపోయాడు.

తెర మీద పేరు అడిగే పెట్టె వచ్చింది. కిందటిసారి రాసిన పేరు అందులో అలాగే ఉంది. ఎంటర్ నొక్కితే చాలు.

"అదే ఉంచీ చంద్రికా," అన్నాడు వీరేంద్ర. "బావ అనే ఉంచు."

చంద్రిక ఆ నాలుగు ఇంగ్లిషక్షరాలూ ఒక్కొక్కటే చెరిపేసి, తన పేరు రాసి ఎంటర్ నొక్కి, మేకుకి తగిలించిన సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దిగి సబ్బవరం బస్సు ఆగే వైపు నడిచింది.